నల్లకోటుకు జీతం స్లిప్పు ఉండదు

"శనగలు అమ్మినంక ఇస్తాం సార్. యాడికీ పోము."

నంద్యాల కోర్టు బయట టీ తాగుతుంటే మా వాడి ఫోన్లో వినపడిన మాట ఇది. అవతల మాట్లాడింది గడివేముల దగ్గరి పల్లె రైతు. పొలం గట్టు తగాదాలో ఇంజంక్షన్ కోసం దావా వేశాడు. టైపింగు, జిరాక్సులు, బస్సు చార్జీలు ఇప్పటికే మా వాడి జేబులోంచి పోయాయి. వాడు "సరేలే పెద్దాయనా, వాయిదాకు మాత్రం రా" అని ఫోన్ పెట్టేశాడు.

వాడు నాకు ఇంజనీరింగ్‌లో రూమ్మేట్. ఊరు గడివేముల. బీటెక్ అయ్యాక నేను సాఫ్ట్‌వేర్‌లోకి వస్తే, వాడు మూడేళ్ల లా చదివి నల్లకోటు వేసుకున్నాడు. నాకు నెలాఖరున బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. వాడికి ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలీదు. ప్రాక్టీసు మొదలుపెట్టి ఇది రెండో ఏడు. "ఉండాల్నా, మానేయాల్నా మామా?" అని అడిగాడు. ఆ ప్రశ్న పట్టుకుని రెండు రోజులు వాడి వెంట తిరిగాను.

నోటీసు రాసేవాడికే బాకీ

ప్రోనోటు బాకీకి మూడేళ్ల గడువు దాటిపోతోందని ఊళ్లో వాళ్లకు గుర్తుచేసేది లాయరే. చెక్కు బౌన్సయితే 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలని చెప్పేదీ లాయరే. కానీ తన ఫీజు రాకపోతే? దావా వేసే హక్కు 1926 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ ఫీజుల చట్టం ఇచ్చింది. అయితే సొంత క్లయింటు మీద, అదీ పక్క ఊరి మనిషి మీద దావా వేస్తే మరుసటి రోజు నుంచి గడప తొక్కేదెవరు?

"ఫీజు ఇచ్చేదాకా కాగితాలు ఇయ్యను" అనడానికీ లేదు. బాకీ ఉందని క్లయింటు ఫైలు అట్టిపెట్టుకునే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే ఆర్‌.డి. సక్సేనా కేసులో తేల్చింది.

ఇంకొకటి. "కేసు గెలిస్తే వచ్చినదాంట్లో సగం నీకే సార్" అనే మాట పల్లెల్లో మామూలే. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం తప్పు. కేసు నడపడానికి క్లయింటుకు అప్పివ్వడం కూడా తప్పే. అందుకే వాడి సీనియర్ రోజూ అదే మాట చెప్తాడట: ఫీజు ఎంతో మొదటి రోజే చెప్పు, కాగితం మీద పెట్టు.

మొదటి మూడేళ్లు గడిచేదెట్లా?

కోర్టులో కాలు పెట్టడానికి ముందే ఖర్చు మొదలవుతుంది. అడ్వకేట్స్ చట్టం ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. కానీ ఏళ్లుగా రకరకాల పేర్లతో రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలల్లో వసూలు చేశాయి. 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దానికి అడ్డుకట్ట వేసింది. ఇకపై చట్టంలో ఉన్నంతే తీసుకోవాలంది. అంతకుముందు కట్టినవాళ్లకు మాత్రం వెనక్కి రాదు. మా వాడు అంతకుముందు బ్యాచే!

ఆ తర్వాత ఆలిండియా బార్ ఎగ్జామ్. కోటు, బ్యాండు. పుస్తకాలు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సీఆర్పీసీ, ఎవిడెన్స్ చట్టాలు కూడా మారిపోయాయి. పాత కేసులు పాత చట్టం కింద, కొత్తవి కొత్త చట్టం కింద. అంటే బీరువాలో రెండు సెట్లూ ఉండాలి.

మరి ఆదాయం? జూనియర్లకు పల్లె ప్రాంతాల్లో నెలకు 15,000, పట్టణాల్లో 20,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో చెప్పింది. అది సూచనే, ఆర్డరు కాదు. చిన్న ఊరి సీనియర్ కూడా శనగల కోసం ఎదురుచూసేవాడే, ఆయన మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాడు? మన రాష్ట్రంలో 2019 డిసెంబర్ 3న మొదలైన లా నేస్తం పథకం, కొత్త లాయర్లకు మొదటి మూడేళ్లు నెలకు 5,000 ఇవ్వాలన్న ఆలోచనతో వచ్చింది. ఐదు వేలు చిన్న మొత్తమే. కానీ గడివేముల నుంచి నంద్యాలకు రోజూ బస్సెక్కేవాడికి అది ఆగడమా, సాగడమా అనేదాన్ని తేల్చే మొత్తం.

ఇక్కడే ఇంకో మెలిక. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్లీ నిబంధన తెచ్చింది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి లెక్క. కోర్టు అనుభవం లేని జడ్జి వద్దన్న ఉద్దేశం మంచిదే. కాకపోతే ఇంట్లో ఇంకో సంపాదన లేని పిల్లలకు ఆ మూడేళ్లు దాటడమే అసలు పరీక్ష.

"సాయంత్రం పూట కోడింగ్ చేసుకోరాదా?" అన్నాను. నవ్వాడు. లాయరు జీతం తీసుకునే ఫుల్‌టైమ్ ఉద్యోగం చేయకూడదు, స్వయంగా వ్యాపారం చేయకూడదు, ప్రకటనలు ఇచ్చుకోకూడదు. ఇన్‌స్టాలో "భూ తగాదాలా? సంప్రదించండి" అని రీల్ పెడితే మొదటికే మోసం. పాఠాలు చెప్పుకోవడం, లా పరీక్షలకు కోచింగ్ ఇవ్వడం లాంటివాటికి మాత్రం నిబంధనలు ఒప్పుకుంటాయి. మా వాడు ఇప్పుడు ఆదివారాలు అదే చేస్తున్నాడు.

భూమి పోతే కేసూ పోతుంది

గడివేముల మండలంలో సిమెంట్ ఫ్యాక్టరీ ఉంది, గని దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. కానీ ఊరి లాయరుకు అన్నం పెట్టేది ఇప్పటికీ గట్లు, దారులు, పంపకాల తగాదాలే. అందుకే ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబర్ 31న అమల్లోకి వచ్చినప్పుడు రాష్ట్రమంతా లాయర్లు కోర్టులు వదిలి రోడ్డెక్కారు. భూమి హక్కు వివాదాలు సివిల్ కోర్టు చేతిలోంచి తీసి అధికారులకు ఇవ్వడం, పైన రివిజన్‌కు ఏకంగా హైకోర్టుకే పోవాల్సి రావడం వాళ్ల అభ్యంతరం.

అది క్లయింటు కోసమా, తమ పొట్ట కోసమా? నిజం చెప్పాలంటే రెండింటికీ. బక్క రైతు నంద్యాల దాకా రాగలడు, అమరావతి దాకా ఎన్నిసార్లు పోగలడు? 2024లో కొత్త ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. కానీ బహిష్కరణ రోజుల్లో వాయిదాలు పడ్డాయి, ఫీజులు ఆగాయి. లాయర్లకు సమ్మె చేసే హక్కు లేదని 2002లో హరీష్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటా అలాగే ఉంది. రోడ్డెక్కిన జూనియర్‌కు ఆ నెల జేబు ఖాళీ.

కర్నూలులో హైకోర్టు బెంచ్ కావాలని 2024 నవంబర్‌లో అసెంబ్లీ తీర్మానం చేసింది. సీమలో హైకోర్టు అన్న మాట 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటిది. అది దగ్గరికొస్తే మా వాడిలాంటి వాళ్లకు పెద్ద కేసులు చూసే అవకాశమూ దగ్గరికొస్తుంది.

కొత్త లాయర్లూ, ఇవి ఫోన్లోనే

ఇంజనీర్ని కదా, వాడికి నేను చేయగలిగింది ఒక చిన్న లిస్టు.

రిటర్న్ వేయండి. పన్ను పడకపోయినా వేయండి. లాయర్లంటే అప్పివ్వడానికి వెనకాడే బ్యాంకులున్నాయి. జీతం స్లిప్పు లేని మనిషికి వరసగా రెండు మూడేళ్ల రిటర్న్‌లే స్లిప్పు. ఇన్నాళ్లూ 44ఏడీఏ అని పిలిచిన అంచనా పద్ధతిలో వచ్చిన ఫీజుల్లో సగాన్ని లాభంగా చూపితే చాలు, పెద్ద లెక్కల పుస్తకాలు అక్కర్లేదు.

ఫీజు నగదుగా కాకుండా ఖాతాలోకి తీసుకోండి, రసీదు ఇవ్వండి. క్లయింటు డబ్బు, మీ డబ్బు కలపకండి.

ప్రతి కేసుకూ 16 అంకెలు, అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. దాన్ని క్లయింటుకు వాట్సాప్‌లో పంపి, ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదా చూసుకోవడం నేర్పండి. సగం ఫోన్లు తగ్గుతాయి, నమ్మకం పెరుగుతుంది.

డబ్బు బొత్తిగా లేని క్లయింటు వస్తే 15100కు ఫోన్ చేయించండి. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టం ఇచ్చిన హక్కు. రాజీ పడే కేసైతే లోక్ అదాలత్‌లో తేల్చుకోమనండి, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

రెండో రోజు సాయంత్రం నంద్యాల బస్టాండులో ఉన్నాం. వాడి ఫోన్ టింగుమంది. రెండు వేలు. వెంటనే ఆ పెద్దాయన కాల్: "అల్లునితో పంపించినా సార్. మిగిలింది శనగలకు."

"రసీదు పంపిస్తా పెద్దాయనా" అన్నాడు వీడు. నా వైపు తిరిగి, "ఇంకో ఏడు చూస్తా మామా" అంటూ గడివేముల బస్సెక్కేశాడు.