ముక్కు నీడ కొలత

పెళ్లి ఆల్బమ్‌లో దగ్గరగా తీసిన ఫొటో ఏదైనా పట్టుకుని, పెళ్లికూతురి ముక్కు పక్కన పడ్డ నీడను చూడండి. అంచు బ్లేడుతో కోసినట్టు ఉందా? లేక ఎక్కడ ముగిసిందో తెలియకుండా చెంపలో కలిసిపోయిందా? ఫొటోగ్రాఫర్ లైటు ఎలా పెట్టాడో ఆ అంచే చాలావరకు చెప్పేస్తుంది.

ఫ్లాష్‌ను కెమెరా మీంచి తీసి, స్టాండుకు బిగించి, ఓ పక్కన పెట్టి రేడియో ట్రిగర్‌తో వెలిగించడం ఇప్పుడు మామూలే. ఎదురుగా కొట్టే వెలుగులో చప్పిడిగా ఉండే ముఖానికి పక్క వెలుగు ఎత్తుపల్లాలు తెస్తుంది. వాటితో పాటే మొరటు నీడల్నీ తెస్తుంది. ఆ నీడలు మెత్తబడాలంటే ఫ్లాష్‌కు ఏదో ఒక తెల్లగుడ్డ అడ్డం పెడితే చాలనుకుంటారు చాలామంది. గుడ్డ కన్నా ముఖ్యమైనది వెడల్పు. ముఖం వైపు నుంచి చూస్తే ఆ వెలుగు ఎంత పెద్దగా కనిపిస్తోందన్నదే అసలు లెక్క.

చిన్న ఫ్లాష్ వెడల్పు 7 సెంటీమీటర్లు, అది ముఖానికి 2 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. ముక్కు కొనకూ, నీడ పడే చోటుకూ మధ్య 3 సెంటీమీటర్లు. అప్పుడు వెలుగు నుంచి చీకటికి మారే అంచు వెడల్పు సుమారు 1 మిల్లీమీటరు. అదే ఫ్లాష్‌ను మీటరు వెడల్పున్న తెల్ల గొడుగులోకి కొట్టి, గొడుగును మీటరు దూరానికి జరిపితే అంచు దాదాపు 3 సెంటీమీటర్లవుతుంది. చెంప మీద ఒక చోటికి గొడుగు మొత్తం కనిపిస్తుంది, పక్క చోటికి సగమే, ఇంకాస్త జరిగితే ఓ మూల మాత్రమే. గ్రహణాల పాఠంలో చదువుకున్న పాక్షిక నీడే ఇది.

సూర్యుడి వ్యాసం దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. అయినా 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నాడు కాబట్టి మనకు అర డిగ్రీ మేరే కనిపిస్తాడు, అందుకే మిట్టమధ్యాహ్నపు నీడలు అంత కరుకు. మబ్బు పట్టిందంటే ఆకాశమంతా లైటైపోతుంది, నీడలు మాయమవుతాయి.

ఫ్లాష్ మూతికి తొడిగే తెల్ల ప్లాస్టిక్ టోపీ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. తెల్ల గోడలున్న గదిలో అది వెలుగును నలువైపులా చిమ్ముతుంది, గోడలే పెద్ద లైటుగా పనిచేస్తాయి. ఆరుబయట రిసెప్షన్‌లో వెలుగు తిరిగొచ్చే గోడలేవీ ఉండవు. బ్యాటరీ ఖర్చవడం తప్ప ఒరిగేదేమీ లేదు. సీలింగుకు కొట్టడం మంచి పద్ధతే, కాకపోతే సీలింగు తెల్లగా ఉండాలి. ఎర్ర షామియానాకు కొడితే పెళ్లికొడుకు ముఖం ఎర్రబడుతుంది, సిగ్గుతో మాత్రం కాదు.

నుదుటి చెమట, వడ్డాణం, జరీ అంచు అద్దాల్లాంటివే. వాటిలో మెరిసేది లైటు ప్రతిబింబం. చిన్న ఫ్లాష్ అయితే అక్కడ తెల్లటి చుక్కలు పేలిపోతాయి, బంగారం రంగు కూడా మిగలదు. అదే వెలుగు పెద్ద గొడుగు మీద పరుచుకుంటే మెరుపు వెడల్పవుతుంది, తీవ్రత తగ్గుతుంది, నగ పనితనం కనిపిస్తుంది.

వెలుగు పెద్దగా కనిపించాలని లైటును ఎంత దగ్గరికైనా లాగేయలేం. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. గొడుగు పక్కనే నిలబడ్డ జంటలో ఒకరు దానికి మీటరు దూరంలో, మరొకరు మీటరున్నర దూరంలో ఉంటే, దగ్గరున్నవారికి రెండింతలకు పైగా వెలుగు అందుతుంది. జంటను తీసేటప్పుడు లైటును వెనక్కి జరిపి, గొడుగు పెద్దది వాడడమే నయం. ఒక్కరే అయితే దగ్గరికి తేవచ్చు. ముఖం మీటరు దూరంలో, వెనక గోడ 3 మీటర్ల దూరంలో ఉంటే గోడకు చేరేది తొమ్మిదో వంతే. వెనకున్న కుర్చీలు, కూలర్లు చీకట్లో కలిసిపోతాయి.

వెనకంతా అలా చీకటైపోకుండా మండపంలోని సిరీస్ బల్బుల వెలుగు కూడా కావాలంటే, దాన్ని అదుపు చేసేది షట్టర్ తెరిచి ఉండే సమయం. ఫ్లాష్ సంగతి వేరు. 1930లలో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అభివృద్ధి చేసిన నాటి నుంచీ ఎలక్ట్రానిక్ ఫ్లాష్ బలం దాని క్షణికతే. నేటి చిన్న ఫ్లాష్ వెలిగేది సెకనులో సుమారు వెయ్యో వంతు, పవర్ తగ్గిస్తే ఇంకా తక్కువ. కాబట్టి షట్టర్‌ను 1/200 సెకను నుంచి 1/60 సెకనుకు మార్చినా ముఖం మీది ఫ్లాష్ వెలుగు మారదు, బల్బుల వెలుగు మాత్రం పెరుగుతుంది. అపర్చర్, అంటే లెన్సులోని కన్నం, మారిస్తే రెండూ మారతాయి. షట్టర్ వేగాన్ని మరీ తగ్గిస్తే, అక్షింతలు వేసే చెయ్యి ఫ్లాష్‌కు ఒకసారి స్పష్టంగా, బల్బుల వెలుగులో ఇంకోసారి చెదిరిపోయి, ఒకే ఫొటోలో రెండుసార్లు పడుతుంది.