ఈ వైన్‌లో మంటెక్కడిది?

పోయిన క్రిస్మస్‌కి గుంటూరులో మా రూమ్మేట్ వాళ్లింటికి వెళ్లాను. కేకు ముక్కతో పాటు వాళ్ల అమ్మమ్మగారు ఒక చిన్న గ్లాసు చేతికిచ్చారు. "అల్లం వైన్ నాన్నా, తాగు" అన్నారు.

వైన్ అనగానే నా చెయ్యి ఆగిపోయింది. మాది ప్రకాశం జిల్లాలో పత్తి, మిర్చి పండించే ఊరు. పత్తి అమ్మిన డబ్బులు ఇంటికి చేరకముందే బెల్టుషాపులో సగమైపోవడం చిన్నప్పట్నుంచీ చూశాను. మందు ముట్టనని కాలేజీలో చేరేముందు అమ్మకి మాటిచ్చాను. అలాగని పండగపూట పెద్దావిడ ఇచ్చింది వద్దనడం ఎలా?

ఆవిడకి అర్థమైపోయింది. "పేరుకే వైన్ అయ్యా, ఇందులో మందు లేదు" అని నవ్వారు. బిట్రగుంట రైల్వే కాలనీలో ఉన్నప్పుడు పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఆవిడ దగ్గర నేర్చుకున్నారట. దంచిన అల్లం, దాల్చినచెక్క, లవంగాలు, నాలుగు ఎండుమిర్చి నీళ్లలో మరిగించి వడకట్టాలి. పంచదార కలిపి, రంగు కోసం ఇంకాస్త పంచదారని విడిగా మాడ్చి పొయ్యాలి. చల్లారాక నిమ్మరసం పిండాలి. అంతే.

తాగాను. ముందు తీపి, వెంటనే పులుపు, తర్వాత లవంగం వాసన. గుటక దిగాక గొంతులోంచి చెవుల దాకా వేడి పాకింది. మళ్లీ అనుమానం. నిజంగానే మందు లేదా?

హాస్టల్‌కి వచ్చాక చదివితే తెలిసింది. మన నాలుక మీద, గొంతులో ఉండే నరాలకి టీఆర్‌పీవీ1 అనే రిసెప్టర్ ఉంటుంది. అది సుమారు 42 డిగ్రీల వేడి తగిలితే "కాలుతోంది" అని మెదడుకి చెప్తుంది. మిర్చిలోని క్యాప్సైసిన్, అల్లంలోని జింజెరాల్ వేడి లేకుండానే దాన్ని తెరిచేస్తాయి. క్యాప్సైసిన్ సాయంతోనే డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని కనిపెట్టింది. 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆల్కహాల్ తగిలితే ఇదే రిసెప్టర్ సుమారు 34 డిగ్రీలకే తెరుచుకుంటుంది. మన ఒంటి వేడే 37. అంటే మందు మంట, మిర్చి మంట ఒకే తలుపు తడతాయన్నమాట. గొంతు మండిందని మందు ఉన్నట్టు కాదు.

మరి నాలుగు మిరపకాయలు పడినా పచ్చడంత మండలేదేం? క్యాప్సైసిన్ నూనెలో, ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది, నీళ్లలో పెద్దగా కరగదు.

ఒక జాగ్రత్త. చలిదేశాల్లో క్రిస్మస్‌కి మసాలాలు, పండ్లు వేసి బీరు కాస్తారు. అక్కడ ఈస్ట్ కలిపి పులియబెడతారు కాబట్టి ఆల్కహాల్ తయారవుతుంది. మన అల్లం వైన్‌లో ఈస్ట్ వెయ్యం. కానీ గాల్లోంచో, సరిగ్గా కడగని సీసాలోంచో చేరితే అదీ పులుస్తుంది. పంచదార ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. మూత తీయగానే బుస్సుమన్నా, బుడగలు లేచినా తాగకండి. గట్టిగా మూత బిగిస్తే సీసా పగలొచ్చు కూడా. ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా తాగెయ్యాలి.

సంక్రాంతికి నేనే చేసి ఇంటికి తీసుకెళ్లాను. అమ్మ ముందు వాసన చూసింది, తర్వాత నా మొహం చూసింది. ఎలా చేశానో మొత్తం చెప్పాను. అప్పుడు తాగింది.

"ఇంకో రెండు మిరపకాయలు పడాల్సిందిరా" అంది.