ఔను, కాదు: యంత్రానికి అర్థమయ్యే తీరు

ఔననో కాదనో సమాధానం చెప్పడం కంటె సులభమైన పని లేదని మనమందరం అనుకుంటాము. ఆ రెండు మాటలను యంత్రానికి చెప్పవలసి వచ్చినప్పుడు ఎంత జాగ్రత్త అవసరమో మేము ఒక అనుభవం వలన తెలుసుకొన్నాము.

పూర్వం మేము పనిచేసిన ఒక కళాశాలలో, హాజరు తగ్గిన విద్యార్థుల ఇండ్లకు సెల్‌ఫోను సందేశాలు పంపే చిన్న ప్రోగ్రాము ఉండేది. దానికొక కాన్ఫిగరేషన్ ఫైలు, అనగా ప్రోగ్రాము ఏ విధంగా నడవవలెనో ముందుగా వ్రాసి ఉంచే పత్రం, ఉన్నది. అందులో 'సందేశాలు పంపవలెనా' అనే అంశం ఎదుట 'ఫాల్స్', అనగా 'కాదు', అని వ్రాసి, పాత జాబితాతో సరిచూడడానికి ప్రోగ్రామును నడిపించాము. సందేశాలు వెళ్ళిపోయినవి. మరునాడు ఒక తండ్రి పొలం పని మానుకొని, మొదటి బస్సుకే వచ్చి, తన కుమార్తె చదువు మానివేసినదా అని అడిగినాడు. ఆ అమ్మాయి తరగతిలోనే ఉన్నది. మేము తల ఎత్తలేకపోయాము.

'కాదు' అని వ్రాస్తే యంత్రం 'ఔను' అని ఎందుకు గ్రహించినది? దీనిని తెలుసుకోవడానికి కొంచెం వెనుకకు పోవలెను. ఇంగ్లండులో ఒక చెప్పులు కుట్టే వాని ఇంట 1815లో పుట్టిన జార్జి బూల్ చాలవరకు స్వయంకృషితో గణితం నేర్చి, 1849లో ఐర్లండులోని కార్క్ నగరంలో ఆచార్యుడైనాడు. సత్యాసత్యాలను 1, 0 అనే అంకెలుగా భావించి తర్కాన్ని గణితంగా మలచి 1854లో గ్రంథం ప్రకటించినాడు. విద్యుత్ స్విచ్చుల అమరికకు ఈ గణితం సరిపోతుందని 1937లో అమెరికాలో క్లాడ్ షానన్ అనే విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో నిరూపించినాడు. అందువలననే ఔను, కాదు అనే రెండే విలువలు గల అంశాన్ని నేటికీ 'బూలియన్' అంటున్నారు.

ఐతే కాన్ఫిగరేషన్ ఫైలులో ఉండేవి అక్షరాలు మాత్రమే. పైథాన్ భాషలో అక్షరాల మాటను నేరుగా బూలియన్‌గా మార్చమంటే, ఆ భాష మాట ఖాళీగా ఉన్నదా లేదా అని మాత్రమే చూస్తుంది. ఖాళీ ఐతే 'కాదు', ఏమున్నా 'ఔను'. కవరు ఖాళీయా కాదా అని తడిమి చూచునే గాని లోపలి ఉత్తరం చదవదు. 'ఫాల్స్' అనే మాట ఖాళీ కాదు గనుక 'ఔను' ఐనది. ఇందుకు విరుగుడు ఆ భాషలోనే ఉన్నది. కాన్ఫిగ్ పార్సర్ అనే భాగంలోని 'గెట్ బూలియన్' పద్ధతి ట్రూ-ఫాల్స్, ఎస్-నో, ఆన్-ఆఫ్, 1-0 అనే నాలుగు జంటలను అర్థం చేసుకొంటుంది. మరే మాట కనబడినా తప్పు అని చెప్పి ఆగిపోతుంది. తెలియనప్పుడు ఊహించి ముందుకు పోవడం కంటె ఆగడమే మేలు.

అతిగా అర్థం చేసుకోవడమూ ప్రమాదమే. మన తరగతిలో ఒకరు 'ఔను' అంటే మరొకరు 'జీ హా' అంటారు. మనకు రెండూ ఒకటే. యామల్ అనే ఫైలు పద్ధతి యొక్క 1.1 రూపం కూడ అట్లే అనేక మాటలను బూలియన్‌గా స్వీకరించినది. నార్వే దేశానికి 'ఎన్-ఓ' అనే రెండక్షరాల సంకేతం ఉన్నది. దేశాల పట్టికలో దానిని కొటేషన్ గుర్తులు లేకుండా వ్రాస్తే నార్వే కాస్త 'కాదు' ఐపోయేది. 2009లో వచ్చిన 1.2 రూపం ట్రూ, ఫాల్స్ మాటలకే దీనిని పరిమితం చేసినది. కాని పాత పద్ధతిలోనే చదివే ఉపకరణాలు నేటికీ ఉన్నవి గనుక, అట్టి మాటలను కొటేషన్ గుర్తుల మధ్య వ్రాయడమే క్షేమం.

ఇక అంశానికి పేరు పెట్టడం. 'నీవు భోజనం చేయలేదా?' అని అడిగితే తెలుగులో 'ఔను' అంటే చేయలేదని అర్థం. యంత్రానికి ఇట్టి చిక్కు పెట్టరాదు. 'సందేశాలు ఆపవద్దు: కాదు' అని ఉంటే చదివే మనిషికే తల తిరుగుతుంది. 'సందేశాలు పంపు' వంటి సూటియైన పేరు ఉండవలెను.

చివరిది మౌనం. ఆ పంక్తి ఫైలులో అసలే లేకపోతే యంత్రం ఏమి చేయవలెను? మౌనం అర్ధాంగీకారం అన్న లోకోక్తి ఇక్కడ చెల్లదు. ఏమీ వ్రాయనప్పుడు ఎవరికీ హాని కలుగని విలువనే తీసుకొనునట్లు ముందే ఏర్పాటు చేయవలెను. ఆ సంఘటన తరువాత మేము చేసిన మార్పు ఇదే. స్పష్టంగా 'ట్రూ' అని వ్రాసి ఉంటే తప్ప ఆ ప్రోగ్రాము ఒక్క సందేశమైనా పంపదు.

కంప్యూటరు నేర్చుకొంటున్న మన విద్యార్థినీ విద్యార్థులు ప్రోగ్రామును నడిపించే ముందు 'ఔను' అని, 'కాదు' అని, ఏమీ వ్రాయక, తప్పుగా వ్రాసి, నాలుగు విధాల పరీక్షించవలెనని మా మనవి. ఆ పరీక్షకు పది నిమిషాలు చాలు. అది చేయనందుకే ఆ తండ్రికి ఒకనాటి కూలి, ఒక రాత్రి నిద్ర పోయినవి.