చుక్కలు పెంచితే లోతు పెరుగుతుందా?

ఈమధ్య వచ్చే కవితా సంపుటాలు తిరగేస్తే చుక్కల వరసలు, ఆశ్చర్యార్థకాల గుంపులు, అడ్డగీతలు, మధ్యమధ్య ఓ నక్షత్రం గుర్తు కూడా కనిపిస్తుంటాయి. వీటి వెనక బలంగా పాతుకుపోయిన నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: గుర్తులు పెంచితే ఉద్వేగం పెరుగుతుంది.

వాస్తవం: తెలుగులో ఆ పని చాలావరకు మాటల చివరి అచ్చులే చేసిపెడతాయి. ‘నువ్వు రావా’ అన్నప్పుడు ప్రశ్నంతా ఆ దీర్ఘంలోనే ఉంది. ‘నువ్వే’ అంటే ఒక ఊనిక, ‘నువ్వూ’ అంటే ఇంకొకటి, ‘నువ్వో’ అంటే సందేహం. ‘నువ్వు రావా???’ అని రాస్తే మొదటి గుర్తు కంటికి సాయం అనుకోవచ్చు, మిగతా రెండూ ఎవర్ని అడుగుతున్నట్టు?

అపోహ: విరామచిహ్నాలు లేకపోతే కవితను ఎక్కడ ఆపి చదవాలో తెలియదు.

వాస్తవం: తాటాకుల మీద పదానికీ పదానికీ మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. పద్యం ముగిసిందనడానికి మహా అయితే ఓ నిలువుగీత. కామాలూ ఫుల్‌స్టాపులూ అచ్చుయంత్రంతో వచ్చాయి. అంతకు ముందు శతాబ్దాల పాటు గణాల నడక, ప్రాస, చదివేవాడి ఊపిరి చూసుకున్నాయి ఆ సంగతి. (యతి అంటే ఆగడమే అనుకునేవాళ్లూ ఉన్నారు. సంస్కృత ఛందస్సులో అది విరామమే, తెలుగులో మాత్రం అక్షరాల మైత్రి.)

అపోహ: పెద్ద కవులూ ఇష్టం వచ్చినట్టు పెట్టారుగా!

ఈ వాదనకు సాక్ష్యంగా ఎక్కువగా నిలబెట్టేది అమెరికన్ కవి ఇ.ఇ. కమింగ్స్‌ను. 1935లో వచ్చిన ‘నో థ్యాంక్స్’ సంపుటిలో మిడత మీద ఆయన కవిత ఒకటుంది. మిడత అనే ఇంగ్లీషు మాటలోని అక్షరాలు మొదట చెల్లాచెదురుగా కనిపిస్తాయి. బ్రాకెట్లు, గీతల మధ్య ఎగిరెగిరి, చివరికి సరైన వరసలో వచ్చి వాలతాయి. ఒక్క బ్రాకెట్ తీసేసినా ఆ గెంతు కుంటుతుంది. ఇక మరో అమెరికన్ కవి ఎమిలీ డికిన్సన్ దాదాపు 1,800 కవితలు రాసింది. ఆమె పోయాక 1890లో తొలి సంపుటి అచ్చువేసినవాళ్లు ఆమె డాష్‌లను చాలాచోట్ల చక్కదిద్దేశారు. 1955లో సంపాదకుడు థామస్ జాన్సన్ వాటిని తిరిగి యథాస్థానాల్లో పెట్టాడు. ఇష్టం వచ్చినట్టు పెట్టిన గీతల కోసం ఎవరూ అంత శ్రమపడరు.

అపోహ: గుర్తులన్నీ ఎత్తేయడమే ఆధునికత.

వాస్తవం: ఆ కొత్తదనానికి నూరేళ్లు దాటాయి. ఫ్రెంచి కవి అపోలినేర్ 1913లో వచ్చిన ‘ఆల్కూల్స్’ ప్రూఫులు దిద్దుతూ విరామచిహ్నాలన్నీ కొట్టేశాడు. లయ, పాదవిభజన ఉండగా అవెందుకన్నది ఆయన వాదన. అంటే పాదం ఎక్కడ విరగాలో తెలిసినవాడికే ఆ పని చెల్లుతుంది.

మళ్లీ చుక్కల సంగతికొస్తే, వాటివల్ల విమర్శకుడికీ ఓ చిక్కుంది. ఉటంకింపులో మూడు చుక్కలంటే కొంత భాగం వదిలేశామని అర్థం. పాదం పాదానికీ చుక్కలున్న కవితను ఉటంకించేటప్పుడు కవి పెట్టినవేవో, తాను పెట్టినవేవో చెప్పడానికి అతను బ్రాకెట్లు వెతుక్కోవాల్సి వస్తుంది.