కదురు పట్టిన తల్లులు

పొట్టకూటికై స్వస్థలమును విడిచి పరదేశమునకు పోవు కుటుంబములలో ఒక వింత మార్పు కలుగుచుండును. పిల్లలు క్రొత్త భాషను కొలది మాసములలోనే నేర్చుకొందురు. తండ్రి తాను పనిచేయు చోట నాలుగు మాటలు పట్టుకొనును. ఇల్లు కదలని తల్లికి మాత్రము ఆ భాష అలవడదు. అంగడికి పోవలెనన్న కూతురు తోడు రావలెను. వైద్యునికి తన బాధ చెప్పుకొనవలెనన్న కొడుకు నోరు విప్పవలెను. నిన్నటివరకు పిల్లలకు బుద్ధులు గరపిన తల్లి నేడు వారి ముఖము చూచి మాటాడవలసివచ్చును. క్రమముగా ఆ పిల్లల కన్నులకు తల్లి ఏమియు తెలియనిదానివలె కనబడసాగును.

నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న యొక పాఠశాలకు సమీపమున ఇటుకబట్టీలుండెను. ఒడిశా నుండి వచ్చిన కూలీల బిడ్డలు కొందరు మా బడిలో చేరిరి. వారిలో ఒక బాలుడు, మరచివచ్చిన పుస్తకముల సంచిని తల్లి తెచ్చినప్పుడెల్ల, ఆమెను వీధి మలుపుననే నిలిపి, తాను పరుగెత్తిపోయి అందుకొనెడివాడు. ఏల యిట్లు చేయుచున్నావని యడిగితిని. “అమ్మకు తెలుగు రాదండీ” యని తల వంచుకొనెను. ఆ బాలుడు మనసునకు వచ్చినప్పుడెల్ల, నూరేండ్లకు పైబడిన కాలము క్రిందట చికాగో నగరమున జరిగిన వృత్తాంతమొకటి నాకు స్ఫురించుచుండును.

చికాగో అమెరికా దేశమున మిచిగన్ సరస్సు తీరమున నున్న మహానగరము. 1871లో అగ్నికి ఆహుతియైన ఆ పట్టణము ఇరువది యేండ్లు తిరుగకమునుపే పది లక్షల జనముతో నిండెను. ఆ జనులలో అత్యధికులు విదేశములలో పుట్టినవారు, లేదా అట్టివారి సంతానము. ఇటలీ, గ్రీసు, రష్యా, పోలెండు, ఐర్లండు మున్నగు దేశముల రైతుకుటుంబములు ఓడలపై వచ్చి, ఆ నగరపు ఇరుకు గదులలో కాపురముండి, కర్మాగారములలోను దుస్తులు కుట్టు కొట్లలోను పనిచేయుచుండెను.

1889లో జేన్ ఆడమ్స్ అను విదుషి తన స్నేహితురాలగు ఎల్లెన్ గేట్స్ స్టార్‌తో కలిసి ఆ బీదల వాడలోనే హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత భవనమున నివాసమేర్పరచుకొనెను. హల్ అను ధనికుడు కట్టించిన యిల్లగుటచే దానికి హల్ హౌస్ అను పేరు నిలిచెను. అచట శిశువిద్యాలయము, రాత్రి తరగతులు, స్నానగృహములు, సంగీతపాఠములు వెలసెను. పిల్లలు గుంపులుగా వచ్చిరి. అయినను ఇటలీ దేశపు తల్లులతో నిజమైన చెలిమి కుదురుట లేదనియు, వారికి తమ బిడ్డలపై పట్టు సడలిపోవుచున్నదనియు ఆడమ్స్ చింతించుచుండెను.

ఒకనాడామె ఆ చింతతోనే వీధివెంట నడచుచుండగా ఒక ఇటలీ వృద్ధురాలు కంటబడెను. ఆమె ఉన్ని చుట్టిన కర్రను చెక్కిలికి ఆనించుకొని, చేతికదురుతో ఓర్పుగా నూలు వడకుచుండెను. ఆడమ్స్‌ను చూడగానే ఆ ముదుసలి కదురును చేయిచాచి ఎత్తిచూపి, ఇంక కొంచెము నూలు వడికినచో ధర్మపుత్రికకు మేజోళ్లు అల్లెదనని చెప్పెను. ఈ విద్య ఆ వాడలోని పిల్లలలో ఎవరికిని తెలియదు. నూలు మిల్లులో పుట్టుననియే వారి యెరుక. ఈ తల్లుల చేతనే పాఠము చెప్పించిన నెట్లుండునను తలంపు ఆడమ్స్‌కు అప్పుడు కలిగెను. 1900వ సంవత్సరమున హల్ హౌస్‌లో ‘లేబర్ మ్యూజియము’, అనగా శ్రమ ప్రదర్శనశాల, ఏర్పడెను.

ప్రదర్శనశాల యనగానే మనకు అద్దాల పెట్టెలును, తాకరాదను హెచ్చరికలును తోచును. అది యట్టిది కాదు. అచట వస్తువులకంటె వానిని వాడెడి మనుష్యులే ముఖ్యులు. ఆ చుట్టుప్రక్కల వెదకగా, చేతితో వడకు ప్రాచీన పద్ధతులు నాలుగును, చక్రము గల పద్ధతులు మూడును కనబడెను. సిరియా, గ్రీసు, ఇటలీ, రష్యా, ఐర్లండు దేశముల స్త్రీలు ఎవరి పద్ధతిలో వారు వడకుచుండగా, ఆ యేడింటిని ఒక వరుసలో నిలిపి, చివర మిల్లు యంత్రమునకు ముడిపెట్టి చూపిరి. శనివారపు సాయంకాలములందు విద్యార్థులును, ఉపాధ్యాయులును, ఇరుగుపొరుగువారును వచ్చి చూచెడివారు. వేల సంవత్సరముల మానవచరిత్ర ఒకే గదిలో ఆ చివరినుండి ఈ చివరకు నడచుటకు వీలయ్యెను. ఇంతకంటె చక్కని చరిత్రపాఠమును నా ముప్పది యేండ్ల ఉద్యోగములో నేను చెప్పియెరుగను.

చేతికదురు పని తీరు మీకు తెలియనిది కాదు. మన తకిలి దాని తోబుట్టువే. ఒక సన్నని పుల్ల, దాని క్రింద బరువునకై ఒక బిళ్ల. దారపు కొసను పుల్లకు తగిలించి, వ్రేళ్లతో త్రిప్పి వ్రేలాడవిడిచినచో అది గిరగిర తిరుగును. ఆ తిరుగుడు దారమునకు పురి పెట్టును. బరువు దానిని క్రిందికి సాగదీయును. పై చేయి పోగులను సమముగా జారవిడుచుచుండును. కదురు నేల తాకగానే ఆపి, వడికిన దారమును పుల్లకు చుట్టుకొని మరల మొదలిడవలెను. చూచుటకు సుళువే కాని, పోగు ఎచట తెగునో వ్రేలికొనకు ముందే తెలియవలెను. మన శ్రీకాకుళపు పొందూరులో వాలుగచేప దవడయెముకతో దూదిని దువ్వి సన్ననూలు వడకు స్త్రీలను చూచినవారికి ఈ మాట బోధపడును.

ఒక క్రిస్మస్ వారమున సమీపమునందలి కుట్టుకొట్టులో పనిచేయు ముప్పదిమంది రష్యా స్త్రీలు హల్ హౌస్‌లో విందు జరుగునని విని ఒక అపరాహ్ణమున వచ్చిరి. ఆనాడు విందు లేదు. అచటివారు ఏదో పాట పాడి, ఫలహారము పెట్టి చూచిరి గాని, అలసిన ఆ ముఖములు వికసింపలేదు. తుదకు ఎవరో వారిని ప్రదర్శనశాలకు తోడ్కొనిపోయిరి. తమ దేశపు వడకు సాధనము కనబడగానే ఆ స్త్రీల కన్నులు వెలిగెను. కొందరు కదుళ్లను చేతబట్టిరి, కొందరు మగ్గములపై కూర్చుండిరి. రాట్నమును ఎన్నడును చూడనివారు దానిని క్రొత్త యంత్రమని తలచి అబ్బురపడిరి. పైబట్టను తొలగించి, లోన కట్టుకొన్న ఇంటినేత లంగాలను చూపిరి. పాత నమూనాలు నేయుటలోని కష్టమును వివరించిరి. అతిథులుగా వచ్చినవారు క్షణములో గురువులై, ఆతిథ్యమిచ్చినవారు శిష్యులైరి.

ఈ ప్రదర్శనశాల ఆ స్త్రీల దారిద్ర్యమును తీర్చెనని నేననను. శనివారము గడచిన పిమ్మట వారు మరల ఆ ఇరుకు గదులకును, ఆ స్వల్ప వేతనమునకును పోవలసినదే. దానికి వేరు పోరాటము కావలసెను. హల్ హౌస్‌లో నివసించిన ఫ్లారెన్స్ కెల్లీ మున్నగువారి కృషిచే 1893లోనే ఇల్లినాయి రాష్ట్రమున కర్మాగారముల చట్టము వచ్చెను. స్త్రీలకు దినమునకు ఎనిమిది గంటల పని యను నిబంధనను మాత్రము 1895లో న్యాయస్థానము కొట్టివేసెను. జేన్ ఆడమ్స్‌కు 1931లో నోబెల్ శాంతి బహుమానము లభించెను. 1935లో ఆమె మరణించెను. 1960 తరువాత విశ్వవిద్యాలయ నిర్మాణమునకై హల్ హౌస్ భవనములలో చాలభాగము పడగొట్టబడెను. మిగిలిన రెండు కట్టడములు 1967 నుండి స్మారక ప్రదర్శనశాలగా నున్నవి.

ఆడమ్స్ తన ఆత్మకథలో వ్రాసిన యొక బాలిక సంగతి చెప్పవలసియున్నది. ఆమె పేరు ఏంజెలీనా. ఆమె ప్రతి శనివారము వంటతరగతికి వచ్చెడిది. అదే భవనములో ఆమె తల్లి నూలు వడకి చూపెడిది. తలగుడ్డ, మోటు బూట్లు, పొట్టి లంగాలతో నుండు ఆ ఇటలీ స్త్రీ తన తల్లియని తోడి బాలికలకు తెలియుట ఏంజెలీనాకు ఇష్టము లేదు. అందుచే తల్లిని ముందు తలుపుకడ విడిచి, తాను ప్రక్క తలుపున లోనికి పోయెడిది. ఒక సాయంకాలమున ఉపాధ్యాయ విద్యాలయపువారు కొందరు తన తల్లి చుట్టు మూగి ప్రశంసించుటను ఆ బాలిక చూచెను. వారి మాటలనుబట్టి, చేతికదురుతో వడకుటలో అమెరికాలో తన తల్లిని మించినవారు లేరని గ్రహించి, అది నిజమేనా యని ఆడమ్స్ నడిగెను.

అప్పుడు ఆడమ్స్ ఆ తల్లి పుట్టిన కొండపల్లెను వర్ణించి చెప్పెను. ఆ పల్లె స్త్రీలు కొండచరియ అంచున నిలిచి కదురును లోయలోనికి జారవిడిచెడివారట. కదురు నేల తాకు ప్రసక్తి లేకపోవుటచే దారము ఎంతో దీర్ఘముగా సాగెడిది. అందుచేతనే ఆ యూరివారికి పొరుగూళ్లవారికి లేని నేర్పు అబ్బెను. అట్టి స్వేచ్ఛను విడిచి రెండు గదుల కొంపలో బ్రతుకుట ఎంత కష్టమో కూడ ఆమె తెలిపెను. తన తల్లికి ఆ కొంప కాక వేరొక లోకముండెనను ఊహ ఏంజెలీనాకు అదివరకు లేదు. మంచము క్రింది పెద్ద పెట్టెలో దాచివేసిన ఇంటినేత బట్టలను తల్లి వెలికి తీయుచుండగా ఆ బాలిక ఈసారి వలదనలేదు. అటుపిమ్మట ఆమె తన తల్లి వచ్చు ముందు తలుపుననే అందరు చూచుచుండగా లోనికి వచ్చెను.