పాత జీపు కొనేముందు

డొరగుడలోనో, రాయగడలోనో ఓ పాత జీపు అమ్మకానికి కనిపించిందనుకోండి. టాపు తీసేసి, వెడల్పు టైర్లు బిగించి, కొత్త రంగు వేశారు. చూడగానే మనసు లాగుతుంది. డబ్బు తీసేముందు ఒక్క మాట వినండి.

జీపు పుట్టిల్లు అమెరికా. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం కోసం విల్లీస్, ఫోర్డు కంపెనీలు దాన్ని తయారుచేశాయి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందడం దాని ప్రత్యేకత. 1940ల చివర్లో మహీంద్రా వారు మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు.

పాత బండికి మరమ్మతు వేరు, మార్పు వేరు. అరిగిన బ్రేకులు మార్చితే మరమ్మతు. ఛాసిస్ కోసి పొడిగించినా, అనుమతి లేకుండా వేరే ఇంజను పెట్టినా అది మార్పు. ఆర్.సి.లో రాసిన కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇందుకు ఆధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షన్.

కనుక ఆర్.సి. చేతపట్టుకుని ఛాసిస్ మీది అంకెలు, ఇంజను మీది అంకెలు ఒక్కొక్కటే సరిచూడండి. తేడా ఉంటే రేపు ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వారు పేచీ పెట్టవచ్చు.

ఒడిశా బండిని ఆంధ్రలో ఉంచుకోదలిస్తే అక్కడి ఆర్.టి.ఓ. ఆఫీసు నుంచి ఎన్.ఓ.సి. తప్పనిసరి. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి.

అమ్మకం కాగితం ఒడియాలో ఉండి, మీకు చదవడం రాకపోతే, రెండు భాషలూ తెలిసినవారిచేత చదివించుకోండి. అంతవరకు బయానా కూడా ఇవ్వకండి.