మ్యూజియంలోని పాత వీణను వాయించవచ్చా? కోల్‌కతా వాద్యాల కథ చెప్పేదేంటి?

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట పూర్తయ్యే వేళకు జనమంతా ఒకేచోట చేరతారు. గడియారంలోంచి ఓ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. ఆ గడియారం మీదున్న పేరు కోల్‌కతా వ్యాపార సంస్థ కుక్ అండ్ కెల్వీది. దాని ముందు నిలబడ్డవాళ్లు చూడటానికి ఎంత వస్తారో, వినడానికీ అంతే వస్తారు.

కానీ మ్యూజియంలలోని సంగీత వాద్యాల్లో చాలావాటికి ఆ అవకాశం లేదు. వీణ, సారంగి, పఖవాజ్ అన్నీ అద్దాల వెనక మౌనంగా ఉంటాయి. వాటిని బయటకు తీసి కచేరీ చేయొచ్చు కదా అన్నది సందర్శకుల ప్రశ్న. చేస్తే పాడైపోతాయన్నది సంరక్షకుల భయం. రెండింటిలోనూ నిజం ఉంది.

కోల్‌కతా నుంచి బ్రస్సెల్స్‌కు

ఈ చర్చకు కోల్‌కతాతో దగ్గరి సంబంధం ఉంది. ఆ నగరం నుంచి సముద్రంలోకి వెళ్లే ఏ ఓడైనా హుగ్లీ నదిలో మెటియాబ్రుజ్‌ను, ఆ తర్వాత బడ్జ్ బడ్జ్‌ను దాటాల్సిందే. 1856లో రాజ్యం కోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా తన గాయకులు, వాద్యకారులతో వచ్చి స్థిరపడింది ఈ మెటియాబ్రుజ్‌లోనే. 1887లో చనిపోయేదాకా ఆయన అక్కడే ఉన్నారు. లఖ్‌నవూ సంగీతం బెంగాల్‌లో వేళ్లూనుకోవడానికి ఆ కొలువు ఒక ముఖ్య కారణం.

అదే కాలంలో ఉత్తర కోల్‌కతాలోని పాథురియాఘాటాలో సౌరీంద్రమోహన్ ఠాగూర్ (1840-1914) వాద్యాలు సేకరించేవారు. 1871లో సంగీత పాఠశాల పెట్టారు. 1875లో వాద్యాల గురించి ‘యంత్రకోష’ అనే బెంగాలీ గ్రంథం ప్రచురించారు. 1876లో సుమారు 100 భారతీయ వాద్యాలను బెల్జియం రాజు రెండో లియోపోల్డ్‌కు బహూకరించారు. ఆ మరుసటి ఏడాది బ్రస్సెల్స్‌లో ఏర్పడిన వాద్య మ్యూజియానికి పునాది వేసిన రెండు సేకరణల్లో ఇదొకటి.

దాని తొలి క్యూరేటర్ విక్టర్ మహియోఁ ప్రపంచ వాద్యాలన్నింటినీ నాలుగు తరగతులుగా విభజించారు. నాట్యశాస్త్రంలోని తత, సుషిర, అవనద్ధ, ఘన విభజన కూడా దాదాపు ఇదే. తంత్రులవి, ఊదేవి, చర్మం బిగించినవి, లోహంతోనో చెక్కతోనో చేసి కొట్టేవి. ఆ పద్ధతినే 1914లో హార్న్‌బోస్టెల్, జాక్స్ విస్తరించారు. నేటికీ ప్రపంచమంతా మ్యూజియంలు వాడుతున్నది దాన్నే.

వాయిస్తే ఏమవుతుంది?

వీణకు తంత్రులు బిగిస్తే దండి మీద, గుర్రం మీద నిరంతరం ఒత్తిడి పడుతుంది. వందేళ్లు దాటిన చెక్క, సొరబుర్ర దాన్ని తట్టుకోలేక బీటలు వారవచ్చు. సన్నాయి లాంటి వాటిలో ఊదితే నోటి తేమ లోపలి చెక్కను ఉబ్బిస్తుంది. కోల్‌కతా లాంటి నదీతీర నగరంలో వానాకాలపు తేమ ఈ సమస్యను ఇంకా పెంచుతుంది.

అంతకన్నా పెద్ద సమస్య మరమ్మతు. సరస్వతీ వీణకు 24 మెట్లను మైనం మీద అమరుస్తారు. వాయించాలంటే మైనం కరిగించి మెట్లు మళ్లీ కట్టాలి. సితార్ గుర్రాన్ని అరగదీయాలి. అప్పుడు మంచి నాదం వస్తుంది. కానీ నాటి పనివాడు మెట్ల మధ్య ఎంత దూరం ఉంచాడో, ఏ శ్రుతికి కట్టాడో చెప్పే ఆధారం పోతుంది.

వాయించకపోతే?

నష్టం అప్పుడూ ఉంది. ఠాగూర్ కాలంలో ప్రచారంలో ఉన్న న్యాసతరంగం ఇందుకు ఉదాహరణ. చిన్న బాకాల్లా ఉండే రెండు ఇత్తడి గొట్టాలను గొంతుకు ఆనించి, లోలోపల కూనిరాగం తీస్తే వాటిలోని పొర కంపించి మోగుతుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇది ఉంది. అయితే గొట్టాలను ఎంతసేపు చూసినా వాటి నాదం ఎలా ఉంటుందో తెలియదు. వస్తువు దక్కింది, వాయించే విద్య దాదాపు పోయింది.

మధ్యేమార్గాలు

కొన్నిచోట్ల అసలు వాద్యాన్నే పరిమితంగా వాయిస్తారు. 1743 నాటి పగనీని వయొలిన్ ఇటలీలోని జెనోవా నగరపాలక సంస్థ దగ్గర ఉంది. ఎంపిక చేసిన కళాకారులకు దాన్ని అప్పుడప్పుడు ఇస్తారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని 1813 నాటి గాజు పిల్లనగ్రోవిని 2022లో గాయని లిజో వేదికపై కొన్ని క్షణాలే ఊదారు. దానిపైనా పెద్ద చర్చే జరిగింది.

బ్రస్సెల్స్ మ్యూజియం సందర్శకులకు హెడ్‌ఫోన్లు ఇస్తుంది, కచేరీలకు వేరే హాలు ఉంది. బెంగళూరులో 2019లో మొదలైన ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్‌లో చూడాల్సినవి వేరు, చేత్తో తాకి మోగించాల్సినవి వేరు.

మూడో మార్గం నకలు. కొలతలు తీసి, అదే రకం చెక్కతో కొత్తది చేయించి దానిపై కచేరీ చేయడం. యూరప్‌లో హార్ప్సికార్డ్ తయారీ దాదాపు ఆగిపోయి, 20వ శతాబ్దంలో మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. మనకు ఆ ఇబ్బంది ఇంకా రాలేదు. కోల్‌కతా రవీంద్ర సరణిలో వాద్యాల దుకాణాలున్నాయి. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస కర్రతో ఏకాండి వీణ చెక్కేవాళ్లున్నారు. దానికి జీఐ గుర్తింపు కూడా ఉంది.

కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలోని వాద్యాలకు 1917లోనే ఒక మార్గదర్శిని అచ్చయింది. అంటే ఏది ఎక్కడిదో చెప్పే పని వందేళ్ల కిందటే మొదలైంది. ఇప్పుడు కావాల్సింది వాటి కొలతలు, స్కాన్‌లు గొల్లపల్లి లాంటి ఊళ్లలోని పనివాళ్లకు చేరడం, నకళ్లు చేసే పని వాళ్లకు దక్కడం. పాత వీణ అద్దాల వెనకే ఉండొచ్చు. దాని పక్కన కొత్త వీణ మోగాలంటే, దాన్ని చెక్కే చేతులకు పని ఉండాలి.